మూడు బియ్యపు గింజల బరువు

ఫోను మోగేసరికి రాత్రి తొమ్మిదిన్నరయింది. అవతల మా చెల్లెలి అల్లుడు. నెల్లూరులో ఓ ఆసుపత్రి ఎదురుగా మందుల షాపులో నిలబడి మాట్లాడుతున్నాడు.

“అత్తా, రెండు డబ్బాలుండాయి. ఒకదాని మీద డీహెచ్ఏ అని రాసుండాది, ఇంకోదాని మీద లేదు. రేటులో బాగా తేడా ఉండాది. ఇది తాపితేనే మెదడు ఎదుగుతాదంట, షాపాయన చెప్తుండాడు. ఏది తీసుకోమంటావు?”

అప్పటికి బిడ్డ పుట్టి నాలుగు రోజులు. 31 వారాలకే కాన్పయింది. ఆడపిల్ల, 1,240 గ్రాములు. చిల్లకూరులో నొప్పులు మొదలైతే గూడూరుకి, అక్కడినుంచి నెల్లూరుకి 108లో తీసుకెళ్లారు. బిడ్డ ఇంక్యుబేటరు పెట్టెలో ఉంది, తల్లి పైన వార్డులో ఉంది, వీడు రోడ్డు మీద ఉన్నాడు.

“డాక్టరుగారు ఏం రాశారు నాయనా?”

“ఆయనేం రాయలేదు. పాలు చాలకపోతే డబ్బా తెచ్చి పెట్టుకోండి అనింది నర్సమ్మ.”

“అయితే ఈ రాత్రికి ఏదీ కొనబాక. అన్నం తిని పడుకో. పొద్దున నేనొస్తా.”

నేను డాక్టర్ని కాదు. గూడూరులో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైనదాన్ని. వైద్యం చెప్పే అర్హత నాకు లేదు, ఈ అధ్యాయంలో చెప్పబోవడమూ లేదు. భయంలో ఉన్నప్పుడు కొనే వస్తువుల గురించి మాత్రం నాకు కొంత తెలుసు. ఈ పుస్తకంలో పొలం అమ్మడం, కాలేజీ సీటు, పెళ్లి ఖర్చు గురించి రాసినప్పుడు చెప్పిన మాటే ఇక్కడా పనికొస్తుంది. మనసు కుదురుగా లేనివాడికి చేతిలో పట్టుకోడానికి ఏదో ఒకటి కావాలి. ఆ రాత్రి మా అల్లుడు కొనబోయిన డబ్బా బిడ్డ కోసం కాదు, వాడి చేతుల కోసం. నేను వాడికిచ్చినవి మూడు ప్రశ్నలు: ఎంత? ఎవరికి? దేని బదులు? ఎరువు దగ్గర్నుంచి ఇన్సూరెన్స్ దాకా ఎవరేం అమ్మజూపినా ఈ మూడూ అడగొచ్చు. ఆ మర్నాడు మేం అడిగింది డీహెచ్ఏ గురించి.

ముందు అదేమిటో తెలియాలి కదా. డీహెచ్ఏ ఒక కొవ్వు ఆమ్లం. 22 కర్బన పరమాణువుల గొలుసు, అందులో ఆరు చోట్ల జంట బంధాలు. జంట బంధం ఉన్నచోటల్లా గొలుసు వంగుతుంది. వంకర గొలుసులు దగ్గరదగ్గరగా పేరుకోలేవు కాబట్టి వాటితో కట్టిన కణాల గోడలు మెత్తగా, కదలికకు వీలుగా ఉంటాయి. మెదడులోనూ కంటి వెనక రెటీనా పొరలోనూ అలాంటి గోడలే కావాలి. మెదడులోంచి నీరు తీసేస్తే మిగిలేదానిలో సగానికి పైగా కొవ్వే. దీనికి జోడీ ఇంకొకటుంది, ఏఆర్ఏ. 20 కర్బనాలు, నాలుగు జంట బంధాలు. డబ్బాల మీద రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి గానీ అమ్మేవాళ్ల నోట మొదటిదే వినబడుతుంది.

కడుపులో బిడ్డ చివరి మూడు నెలలూ ముఖ్యంగా చేసే పని కూడబెట్టుకోవడం. ఇనుము, కాల్షియం, ఒంటికింద కొవ్వు, ఈ డీహెచ్ఏ, అన్నీ తల్లి ఒంట్లోంచి మాయ ద్వారా లాక్కుంటుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఆ ఖజానా సగంలో వదిలేసి వచ్చినట్టే. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అని మన పెద్దవాళ్లు అంటుంటారు. అది తలకిందుల లెక్క. కడుపులో ఎన్ని రోజులు ఎక్కువుంటే అంత నయం.

ఇప్పుడు “ఎంత?” అన్న ప్రశ్న. చివరి మూడు నెలల్లో కడుపులోని బిడ్డ ఒంట్లో చేరే డీహెచ్ఏ రోజుకు, బరువులో కిలోకు, సుమారు 40 నుంచి 60 మిల్లీగ్రాములని లెక్కగట్టారు. మా పిల్ల 1,240 గ్రాములు కాబట్టి 50 నుంచి 75 దాకా. ఇంట్లో అందరూ అదేదో గ్లాసుల్లో పోయాల్సిన పదార్థం అనుకుంటున్నారు. నేను బియ్యం డబ్బాలోంచి నాలుగు గింజలు తీసి అరచేతిలో పెట్టి చూపించాను. సన్నబియ్యం మూడు నాలుగు గింజలు తూస్తే ఎంతో, ఒక రోజుకి ఆ బిడ్డకు కావాల్సింది అంత. మా చెల్లెలు నా చెయ్యి వంకా నా మొహం వంకా చూసి, “ఇంతకేనా ఈ గోలంతా?” అనింది.

గోల ఇంతకే. కానీ ఆ మూడు గింజలూ ఎక్కడినుంచి వస్తాయన్నదే అసలు విషయం. తల్లిపాల కొవ్వులో డీహెచ్ఏ శాతం ప్రపంచం మొత్తం మీద సగటున 0.32. సగటు అనే మాట ఎన్నో దాచిపెడుతుందని పిల్లలకు ముప్పయ్యేళ్లు చెప్పాను, ఇక్కడా అంతే. ఈ అంకె ఊరూరికీ 0.06 నుంచి 1.4 దాకా మారుతుంది. సముద్రపు చేప బాగా తినేచోట ఎక్కువ, తిననిచోట తక్కువ. జపాన్ తల్లుల పాలలో 1 శాతం దాకా ఉంటుంది. గుణించి చూద్దాం. పూర్తిగా పాలు పట్టగలిగే దశకొచ్చిన నెల తక్కువ బిడ్డకు రోజుకు కిలోకు సుమారు 180 మిల్లీలీటర్లు పోస్తారు. అందులో కొవ్వు ఆరున్నర గ్రాముల చిల్లర. దాంట్లో 0.3 శాతమంటే 20 మిల్లీగ్రాములు. అదే 1 శాతమైతే 65. మొదటిది మాయ ఇచ్చేదానిలో సగం కూడా కాదు, రెండోది దానికి సరిసమానం. రెండూ తల్లిపాలే. తేడా అంతా కంచంలో ఉంది.

ఈ లెక్క కాగితం మీద వేస్తుండగానే మా అల్లుడు తలెత్తాడు. వాడు తీరంలో ఓ రొయ్యపిల్లల హేచరీలో పని చేస్తాడు. “అత్తా, డీహెచ్ఏ అంటే మా ట్యాంకుల దగ్గర కలిపేదేనా?” అన్నాడు. అదే. రొయ్యపిల్లలకూ చేపపిల్లలకూ మేతగా వేసే ఆర్టీమియా అనే కంటికి ఆనీ ఆనని పురుగులో డీహెచ్ఏ చాలా తక్కువ. అందుకని ఆ పురుగులకు ముందు ఓ నూనె ద్రావణం తాగించి, తర్వాత వాటిని పిల్లలకు వేస్తారు. పిల్లకు నేరుగా మందు పోయరు, పిల్ల తినేదానికి పోస్తారు. “అయితే మా ఆవిడ ఆర్టీమియా అన్నమాట” అన్నాడు. నాలుగు రోజుల తర్వాత ఆ కుర్రాడి మొహంలో నవ్వు చూడ్డం అదే మొదలు. భార్యతో ఆ మాట అనొద్దని మాత్రం చెప్పాను.

అసలు ఇది చేపలోనూ పుట్టదు. సముద్రంలోని నాచు లాంటి సూక్ష్మజీవులు తయారుచేస్తాయి, వాటిని తిన్న పురుగులోంచి చిన్న చేపలోకి, చిన్న చేపలోంచి పెద్ద చేపలోకి పోతుంది. డబ్బాపాలలో కలిపే డీహెచ్ఏ చాలావరకు అలాంటి సూక్ష్మ శైవలాలను పెద్ద తొట్లలో పెంచి తీసిన నూనే. ఏఆర్ఏ ఒక రకం బూజు నుంచి తీస్తారు. అమెరికాలో ఈ రెండు నూనెలూ కలిపిన పాలపొడులు 2002లో అంగట్లోకి వచ్చాయి. యూరప్‌లో 2020 ఫిబ్రవరి నుంచి పసిపిల్లల పాలపొడిలో డీహెచ్ఏ ఉండి తీరాలని నిబంధన పెట్టారు. అంటే మూడక్షరాలు ముద్రించుకున్నంత మాత్రాన ఏ డబ్బాకూ ప్రత్యేకమైన మహత్యమేమీ లేదు.

మరి కలిపితే లాభముందా? దీని మీద జరిగినన్ని పరిశోధనలు పిల్లల ఆహారంలో తక్కువ విషయాల మీద జరిగాయి. జవాబు మాత్రం మందుల షాపాయన చెప్పినంత సులువుగా లేదు.

2016లో కాక్రేన్ సంస్థ నెల తక్కువ పిల్లల పాలపొడుల మీద 17 పరీక్షలను, 2,260 మంది పిల్లల వివరాలను ఒకచోట చేర్చి చూసింది. దీర్ఘకాలంలో స్పష్టమైన లాభమూ కనబడలేదు, నష్టమూ కనబడలేదు. అంతకుముందే 2009లో ఆస్ట్రేలియావాళ్లు 33 వారాల లోపు పుట్టిన 657 మంది పిల్లల్లో కొందరికి మామూలుకు మూడింతలు డీహెచ్ఏ ఇచ్చి చూశారు. ఏడాదిన్నరకు మొత్తం మీద తేడా లేదు గానీ ఆడపిల్లల్లో కాస్త మెరుగు కనబడింది. అందరూ సంబరపడ్డారు. అదే పిల్లలను ఏడేళ్లకు పరీక్షిస్తే ఆ మెరుగు లేదు.

తర్వాత 2017లో వాళ్లే మరింత ముందు పుట్టిన పిల్లల మీద, అంటే 29 వారాల లోపువాళ్ల మీద, పెద్ద పరీక్ష చేశారు. 1,273 మంది. డీహెచ్ఏ వాపును తగ్గిస్తుంది కాబట్టి ఊపిరితిత్తుల జబ్బు తగ్గుతుందని ఆశ. రోజుకు కిలోకు 60 మిల్లీగ్రాములు ఇచ్చారు. జబ్బు తగ్గలేదు సరికదా, ఇచ్చినవాళ్లలో 49.1 శాతానికీ ఇవ్వనివాళ్లలో 43.9 శాతానికీ వచ్చింది. అక్కడితో కథ ముగిసిందనుకుంటే, వాళ్లలో కొందరిని ఐదేళ్ల వయసులో మళ్లీ పిలిచి తెలివితేటల పరీక్ష పెట్టారు. డీహెచ్ఏ అందినవాళ్ల సగటు 95.4, అందనివాళ్లది 91.9. ఇది 2022లో వచ్చిన ఫలితం. స్వీడన్‌లో 2021లో 28 వారాల లోపు పుట్టిన 200 మందికి పైగా పిల్లలకు డీహెచ్ఏతో పాటు దానికి రెట్టింపు ఏఆర్ఏ ఇచ్చారు. నెల తక్కువ పిల్లల కళ్లకొచ్చే తీవ్రమైన రెటీనా జబ్బు, ఇవ్వనివాళ్లలో మూడోవంతు మందికి వస్తే, ఇచ్చినవాళ్లలో సగానికి తగ్గింది.

ఇవన్నీ చదివి ఒక లెక్కల టీచరుకి అర్థమైనదేమంటే, ఇది మందు. మందుకు మోతాదుంటుంది, రోగి ఉంటాడు, దుష్ఫలితం ఉంటుంది. 27 వారాల బిడ్డకు ఆసుపత్రిలో సన్న గొట్టం ద్వారా లెక్కగట్టి ఇచ్చేదానికీ, ఇంటికొచ్చిన బిడ్డకు డబ్బా మీద చూసి కొనేదానికీ పేరొక్కటే. “ఎవరికి?” అన్న ప్రశ్నకు ఇదీ జవాబు. మూడున్నర పాయింట్ల సగటు తేడా ఒక్కో బిడ్డ గురించి ఏమీ చెప్పదని కూడా గుర్తుపెట్టుకోండి. క్లాసు సగటు పెరిగిందంటే మీవాడి మార్కులు పెరిగినట్టు కాదు.

మర్నాడు పొద్దున డాక్టరుగారిని కలిసినప్పుడు మా అల్లుడి చేత ఒకే ఒక్క ప్రశ్న అడిగించాను: “సార్, మా పాపకు రోజుకు కిలోకు ఎంత డీహెచ్ఏ అందుతుండాది, ఎంత అందాల?” ఏ డబ్బా మంచిదని అడిగితే ఏ డాక్టరైనా ఏదో ఒక పేరు చెప్పాల్సి వస్తుంది. ఎంత అని అడిగితే కూర్చోబెట్టి చెప్తారు. ఆయన అదే చేశారు. యూరప్ పిల్లల వైద్యుల సంఘం 2022లో 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉండాలంది, మీ పాప 31 వారాలది, ఈమధ్య లాభం కనబడిన పరీక్షల్లోని పిల్లలకన్నా పెద్దది, చుక్కలేమీ రాయను, తల్లిపాలు పెంచండి, తల్లికి చేప పెట్టండి, తల్లిపాలలో కలిపే పొడి ఒకటి బిడ్డ బరువును బట్టి తర్వాత మేమే మొదలుపెడతాం అన్నారు. ఐదు నిమిషాల్లో తేలిపోయింది. డాక్టర్లు మాట్లాడరని మనం అంటుంటాం. సగంసార్లు మనం అడిగే ప్రశ్నలో అంకె ఉండదు.

ఇక్కడ మూడో ప్రశ్న, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది. దేని బదులు?

ఆ డబ్బా కొనివుంటే అది పోసేది ఖాళీ పొట్టలోకి కాదు, తల్లిపాలు ఉండాల్సిన చోటులోకి. నెల తక్కువ పిల్లల్లో పేగు వాచి చచ్చుబడే జబ్బు ఒకటుంది, ఆసుపత్రుల్లో నెక్ అంటారు. ఒక్క రాత్రిలో బిడ్డ ప్రాణం మీదికి తెస్తుంది. 1990లో ఇంగ్లండ్‌లో అలన్ లూకాస్ బృందం 926 మంది నెల తక్కువ పిల్లలను చూసి, డబ్బాపాలు మాత్రమే తాగినవాళ్లలో ఈ జబ్బు తల్లిపాలు మాత్రమే తాగినవాళ్లకన్నా ఆరు నుంచి పదిరెట్లు ఎక్కువని చెప్పింది. డబ్బాలో డీహెచ్ఏ ఉన్నా ఈ లెక్క మారదు. తల్లిపాలలో డీహెచ్ఏతో పాటు డబ్బాలో పెట్టలేనివి ఇంకా చాలా ఉన్నాయి కాబట్టి.

పాలు రావడం లేదనే మాట నేను ఆ వార్డులో ప్రతి మంచం దగ్గరా విన్నాను. బిడ్డ పక్కన లేదు, చీకడం లేదు, తల్లి ఏడుస్తూ ఉంది, పాలు ఎలా వస్తాయి? పిండాలి. కాన్పయిన గంటల్లోనే మొదలుపెట్టి రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు, రాత్రిళ్లు కూడా. మొదటి రోజుల్లో వచ్చేది చెంచాలో పావు వంతు. ఆ పసుప్పచ్చ ముర్రుపాలు చూసి మా వియ్యపురాలు “ఇదేం పాలు, పారబోయండి” అనింది. నేను గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది, తర్వాత క్షమాపణ కూడా చెప్పుకున్నాను. ఆ పావు చెంచానే సిరంజిలోకి తీసి నర్సమ్మ బిడ్డ నోటి లోపల బుగ్గలకు రాసింది. ఐదో రోజుకి పిండితే 10 మిల్లీలీటర్లు, తొమ్మిదో రోజుకి 40. నేను నోటుపుస్తకంలో గీతలు గీసి టైమూ కొలతా రాయించాను. అంకె పెరగడం కళ్లతో చూస్తే ఆ పిల్లకి ధైర్యమొచ్చింది. టానిక్కుల మీద పెట్టే డబ్బుకన్నా ఐదు రూపాయల నోటుపుస్తకం మేలు.

తల్లిపాలు నిజంగానే చాలకపోతే డబ్బాకన్నా ముందు మెట్టు ఇంకో తల్లి పాలు. ఆసియాలో మొదటి తల్లిపాల బ్యాంకు ముంబయి సయాన్ ఆసుపత్రిలో 1989లో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ పెట్టారు. హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో ధాత్రి పేరుతో 2017 నుంచి నడుస్తోంది. మీ బిడ్డ ఉన్న ఆసుపత్రిలో అలాంటిది ఉందేమో అడగండి, అడిగితే పోయేదేం లేదు. అదీ లేనప్పుడే డబ్బా. అప్పుడది తప్పూ కాదు, సిగ్గుపడాల్సిన పనీ కాదు. కొందరు తల్లులకు వేరే దారి ఉండదు, వాళ్లను మాటలతో పొడిచే పెద్దవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

డబ్బా కొనాల్సి వస్తే లేబులు చదవడం నేర్చుకోండి. ముందు, అది నెల తక్కువ పిల్లల కోసం తయారైందా, నెలలు నిండిన పిల్లల కోసమా చూడాలి. రెండూ వేరు. తర్వాత చిన్న గుణకారం. మాటవరసకు 100 గ్రాముల పొడిలో 60 మిల్లీగ్రాముల డీహెచ్ఏ అని రాసి ఉందనుకుందాం. ఒక కొలత చెంచా నాలుగున్నర గ్రాములు, దానికి 30 మిల్లీలీటర్ల నీళ్లు. 1.9 కిలోల బిడ్డ రోజుకు 300 మిల్లీలీటర్లు తాగితే పది చెంచాలు, 45 గ్రాముల పొడి, 27 మిల్లీగ్రాముల డీహెచ్ఏ. కిలోకు 14. పైన చెప్పిన 30లో సగం కూడా లేదు. డబ్బా ముందు వైపు ఎంత పెద్ద అక్షరాలున్నా వెనక వైపు లెక్క ఇది. అలాగని రెండు చెంచాలు ఎక్కువ వేసి చిక్కగా కలిపే పని మాత్రం ఎప్పుడూ చేయొద్దు. ఆ చిక్కదనం పసి పేగులకూ మూత్రపిండాలకూ భారం. పెద్దవాళ్ల చేపనూనె గుళిక చిదిమి పాలలో పిండడమూ అంతే. 1990ల మొదట్లో అమెరికాలో ఏఆర్ఏ లేకుండా చేపనూనె మాత్రమే కలిపిన పాలు తాగిన నెల తక్కువ పిల్లల్లో ఎదుగుదల కుంటుపడింది. జోడీ విడగొడితే జరిగేది అది. ఇక కొబ్బరినూనె ఒంటికి రాసుకోవచ్చు, అందులో డీహెచ్ఏ మాత్రం లేదు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 1992 నాటి చట్టం, 2003లో దాన్ని మరింత బిగించారు. దాని ప్రకారం మన దేశంలో పసిపిల్లల పాలపొడికి ప్రకటనలివ్వకూడదు, ఉచిత శాంపిళ్లు పంచకూడదు, డబ్బా మీద తల్లి బొమ్మగానీ బిడ్డ బొమ్మగానీ వేయకూడదు, తల్లిపాలే శ్రేష్ఠమని దాని మీదే రాయాలి. ప్రకటన దారి మూసుకుపోతే మాట దారి మిగులుతుంది. షాపులో వినబడే “ఇదైతేనే మెదడు” అన్నది ఆ దారిన వచ్చిందే. షాపాయన చెడ్డవాడని కాదు, ఆయనకెవరో చెప్పి ఉంటారు.

పొడి కలిపే తీరు మీద నాలుగు మాటలు చాలు. పాలపొడిలో క్రిములు ఉండవని గ్యారంటీ లేదు. అందుకే కాచిన నీళ్లు ఇంకా బాగా వేడిగా, 70 డిగ్రీలకు తగ్గకుండా ఉన్నప్పుడే పొడి వేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. థర్మామీటరు లేని ఇంట్లో, కాచి దించిన అరగంటలోపు అనుకోండి. కలిపాక గిన్నెను చల్లనీళ్లలో పెట్టి ఆర్చి, మిగిలింది దాచకుండా పారబోయాలి. పిండిన తల్లిపాలు గది వేడిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో ఒక రోజు ఆగుతాయంటారు. ఆ నాలుగు గంటలు చల్లటి గదికి. రోహిణి కార్తెలో చిల్లకూరు ఇంట్లో ఆ లెక్క చెల్లదు, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి.

సీసా వద్దన్నారు డాక్టరుగారు. చీకడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ కలవడం 34 వారాల దగ్గరికి గానీ కుదరదు, అప్పటిదాకా గొట్టం, ఆ తర్వాత ముక్కుగిన్నె. వార్డులో స్టీలుది ఇచ్చారు, తమిళంలో పాలాడై అంటారట. మా చెల్లెలు చూసి ఇంటికెళ్లి అటక మీదనుంచి మా అమ్మ నాటి వెండి ఉగ్గుగిన్నె దించింది. అదే ఆకారం, అదే సన్నటి మూతి. నర్సమ్మ తిప్పి తిప్పి చూసి, మూతి అంచు సొట్టబడి ఉంది, మురికి పడుతుంది, ఉడకబెట్టడానికి స్టీలుదే మేలు అనింది. అమ్మ గిన్నె మళ్లీ అటకెక్కింది.

పెట్టెలోంచి బయటికి తీశాక తల్లి రొమ్ముల మధ్య, చర్మానికి చర్మం తగిలేలా కట్టిపెట్టారు. కంగారూ సంరక్షణ అంటారు. 1978లో కొలంబియాలోని బొగోటాలో పెట్టెలు చాలక మొదలుపెట్టిన పద్ధతి. 2021లో ఢిల్లీ సఫ్దర్‌జంగ్‌తో సహా ఐదు ఆసుపత్రుల్లో, 1,000 నుంచి 1,799 గ్రాముల పిల్లలకు పుట్టిన వెంటనే దీన్ని మొదలుపెడితే మరణాలు నాలుగోవంతు తగ్గాయని తేలింది. మూడున్నర పాయింట్ల డీహెచ్ఏ గురించి ఫోనులో అంతసేపు వెతికిన మా అల్లుడికి ఈ సంగతి తెలియదు. చెప్పాక వాడు చొక్కా విప్పి తానూ కూర్చున్నాడు. తండ్రులూ చేయొచ్చు.

ఇక కంచం. నెల్లూరు తీరంలో బాలింతకు పాలసొర పెట్టడం ఉంది. ఉడకబెట్టి, చర్మం ఒలిచి, పొడిపొడిగా నలిపి, వెల్లుల్లి దండిగా వేసి వేయిస్తారు. పాలు పడతాయని నమ్మకం. చేప పెట్టాలన్న బుద్ధి మంచిదే. చేప ఎంపికలోనే నాకు పేచీ. సొర వేటాడి తినే చేప. చిన్న చేపల్లోని పాదరసమంతా దాని ఒంట్లో పోగవుతుంది. బాలింతలూ గర్భిణులూ సొర జాతి తినొద్దని అమెరికా ఆహార సంస్థ జాబితాలో ఉంది. దానికన్నా కవళ్లు, కానాగంతలు, నెత్తళ్లు మేలు. చవక, నూనె ఎక్కువ, పాదరసం తక్కువ, డీహెచ్ఏ దండిగా ఉంటుంది. పాలిచ్చే తల్లికి రోజుకు కనీసం 200 మిల్లీగ్రాములు అందాలని నిపుణుల మాట. వారానికి రెండుసార్లు ఇలాంటి చేప తింటే సగటున అంత వస్తుంది. మా వియ్యపురాలికి ఇది నచ్చలేదు. కవళ్లు పేదవాళ్ల చేప అని ఆమె లెక్క. చివరికి కానాగంతల పులుసు దగ్గర రాజీ కుదిరింది. మామిడికాయ వేయడమా వద్దా అన్నదాని మీద ఇంకో అరగంట నడిచింది, బాలింతకు పులుపు పెట్టకూడదంటారు గనక.

చేప తినని ఇళ్లలో అవిసె గింజలు, వాల్‌నట్లు చెబుతుంటారు. వాటిలో ఉన్న ఒమేగా-3 వేరు రకం, మన ఒళ్లు దాన్ని డీహెచ్ఏగా మార్చుకునేది బహు కొద్ది. మన వంటనూనెల సంగతి చూస్తే హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో గఫూరున్నీసాగారు ఏళ్ల తరబడి దీని మీదే పనిచేశారు. పొద్దుతిరుగుడు, వేరుశనగ లాంటి నూనెల్లో ఒమేగా-6 పుష్కలం, ఒమేగా-3 దాదాపు సున్నా. శాకాహారులకు నాచు నుంచి తీసిన గుళికలు దొరుకుతాయి. డాక్టరు రాస్తే తల్లి వేసుకోవచ్చు. ఎక్కువ వేసుకుంటే ఎక్కువ లాభమనుకోకండి. కెనడాలో తల్లులకు రోజుకు 1,200 మిల్లీగ్రాములు ఇచ్చి చూసిన పరీక్షలో పిల్లల ఊపిరితిత్తులకు మేలు జరగలేదు, దాన్ని మధ్యలోనే ఆపేశారు.

2020లో మన దేశంలో 30 లక్షల మందికి పైగా పిల్లలు నెలలు నిండకుండా పుట్టారని అంచనా. ప్రపంచం మొత్తం మీద 1 కోటీ 34 లక్షలు. అంటే ఆ రాత్రి మందుల షాపు ముందు రెండు డబ్బాలు పట్టుకుని నిలబడినవాడు మా అల్లుడు ఒక్కడే అయి ఉండడు.

ఇంటికి వచ్చేటప్పుడు ఆసుపత్రి చీటీలో ఏడు వరుసలున్నాయి. విటమిన్ చుక్కలు, ఇనుము చుక్కలు, బరువు చూపించే తేదీలు. ఆరో వరుసలో కంటి పరీక్ష అని ఉంది, అందరి చూపూ దాన్ని దాటిపోయింది. 34 వారాల లోపు పుట్టినా, 2 కిలోల లోపు ఉన్నా ముప్పయ్యో రోజులోపు రెటీనా చూపించాలి. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో డాక్టర్ సుభద్ర జలాలీ బృందం ఈ ముప్పయ్యో రోజు మాటను ఏళ్లుగా చెబుతూ వస్తోంది. ఆ పొర జబ్బు బయటికి కనబడదు. బిడ్డ నవ్వుతూనే ఉంటుంది, చూపు పోతూ ఉంటుంది. సకాలంలో చూస్తే లేజరుతో ఆపొచ్చు, దాటితే ఏ డీహెచ్ఏ వెనక్కి తేలేదు.

మా పిల్లకి ముప్పయ్యో రోజు ఆదివారం పడింది. సోమవారం పోదాంలే, పైగా అమావాస్య అన్నారు ఇంట్లో. శనివారం పొద్దున్నే ఆరింటికి కారు మాట్లాడి పోయాం. కళ్లలో చుక్కలు వేస్తుంటే గొంతు చించుకుని ఏడ్చింది. అంత గొంతుందని అప్పటిదాకా మాకెవరికీ తెలియదు. చూసి, ప్రస్తుతానికి భయం లేదు, పొర ఇంకా పూర్తిగా పరుచుకోలేదు, రెండు వారాల తర్వాత మళ్లీ తీసుకురండి అన్నారు. మా అల్లుడు ఆ తేదీని పాల లెక్కల నోటుపుస్తకం అట్ట మీద పెద్ద అంకెలతో రాసుకుని, కింద రెండు గీతలు గీశాడు.